ఘోస్ట్‌ఫేస్ కిల్లా: కొత్తది వినాలా, పాతదే మళ్లీ వినాలా?

2025 ఆగస్టు 22న అమెరికన్ ర్యాపర్ ఘోస్ట్‌ఫేస్ కిల్లా కొత్త ఆల్బమ్ విడుదలైంది. పేరు ‘సుప్రీమ్ క్లయింటెల్ 2’. ఆ పేరు చూసి నాలాంటి పాత అభిమానులు ముందు ఎగిరి గంతేశారు, ఆ వెంటనే గతుక్కుమన్నారు. ఎందుకంటే 2000 ఫిబ్రవరి 8న వచ్చిన అసలు ‘సుప్రీమ్ క్లయింటెల్’ మామూలు ఆల్బమ్ కాదు. హార్డ్‌కోర్ ర్యాప్ (వీధి జీవితాన్నీ కోపాన్నీ మెత్తబరచకుండా చెప్పే ర్యాప్) గురించి ఎవరు ఏ జాబితా రాసినా దానికి ఒక చోటు ఉంచాల్సిందే. పాతికేళ్ల తర్వాత, యాభై అయిదేళ్ల వయసులో, అదే పేరు పక్కన రెండు అంకె వేసి వదిలాడంటే, పోల్చి చూడండని తనే పిలిచి పీట వేసినట్టు.

సరే, పోలుద్దాం. అయితే ఏది గొప్పది అన్న ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. పాతదే గొప్పది, నాలుగు పాటలు వింటే తేలిపోతుంది. నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్నలు వేరు. ఇతన్ని ఇంతవరకూ వినని వాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? ఒకప్పుడు విని వదిలేసినవాళ్లు ఇప్పుడు కొత్తదానికి టైమ్ ఇవ్వాలా? అన్నీ విన్నవాళ్లకు ఇందులో ఏమైనా మిగిలిందా? ఈ మూడింటికీ ఒకే జవాబు లేదు.

తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తాను. కొత్తగా వచ్చేవాళ్లు 2006 నాటి ‘ఫిష్‌స్కేల్’తో మొదలుపెట్టండి. కొత్త ఆల్బమ్‌తో వద్దు. వింతగా అనిపించొచ్చు గానీ, పాత సుప్రీమ్ క్లయింటెల్‌తో కూడా వద్దు. ఎందుకో కింద చెబుతాను.

ఆ గొంతు సంగతి

అసలు పేరు డెనిస్ కోల్స్. 1970లో పుట్టాడు, న్యూయార్క్ నగరంలోని స్టాటెన్ ఐలండ్‌లో, స్టేపుల్టన్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో పెరిగాడు. ఘోస్ట్‌ఫేస్ అన్న పేరు 1979 నాటి ఒక కుంగ్‌ఫూ సినిమాలోని విలన్‌ది. 1993 నవంబరులో ఇతని ర్యాప్ జట్టు వు-టాంగ్ క్లాన్ తొలి ఆల్బమ్ వచ్చినప్పుడు, మొదటి పాటలో మొట్టమొదట వినిపించే వర్స్ (ర్యాప్ చరణం) ఇతనిదే. తొమ్మిదిమంది గుంపులో ముందుగా తలుపు తన్నుకుని లోపలికి వచ్చింది ఇతనన్నమాట. 1995లో అదే జట్టులోని రేక్వాన్ సోలో ఆల్బమ్ అట్ట మీద ఇతని పేరు అతిథి అని వేశారు. వింటే అతిథిలా ఉండడు, సగం ఇల్లు ఇతనిదే.

గొంతు సన్నగా, పై స్థాయిలో, ఏ క్షణాన్నయినా పగిలిపోయేలా ఉంటుంది. హార్డ్‌కోర్ ర్యాప్‌లో బెదిరింపు అనగానే బొంగురు గొంతులు గుర్తొస్తాయి. ఇతను బెదిరించేటప్పుడు కూడా ఇప్పుడే ఏడ్చి మొహం కడుక్కుని వచ్చినవాడిలా ఉంటాడు. కత్తీ, కన్నీళ్లూ ఒకే గొంతులో ఉండటం ఇతని దగ్గరే ఇంత బాగా విన్నాను. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి, ఏ ఆల్బమ్‌ని పోల్చినా మొదట చూడాల్సింది దీన్నే. 2025లో ఆ గొంతు కొంచెం మందమైంది, ఊపిరి అక్కడక్కడా పొట్టిగా వస్తోంది. కానీ చెడిపోలేదు. యాభై దాటిన ర్యాపర్లను విన్నవాళ్లకు తెలుసు, ఇది చిన్న విషయం కాదు.

2000లో ఏం చేశాడు

1996లో మొదటి సోలో ఆల్బమ్ తర్వాతి రోజులు అతనికి బాగా గడవలేదు. షుగర్ జబ్బు బయటపడింది. 1997లో వు-టాంగ్ పెద్దదిక్కు రిజ్జాతో కలిసి పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ వెళ్లాడు. కరెంటూ హంగూ లేని చోట కొన్నాళ్లు గడిపాడు. తిరిగొచ్చాక 1999లో ఒక పాత కేసులో కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. ఈ అన్నింటి మధ్యలో రాసిందీ, రికార్డు చేసిందీ సుప్రీమ్ క్లయింటెల్. బీట్లు, అంటే ర్యాప్ వెనక మోగే సంగీతం, ఒకరివి కావు. ‘మైటీ హెల్తీ’ మ్యాథమ్యాటిక్స్ అనే అతనిది, ‘వన్’ బీట్‌నట్స్ జట్టులోని జూజూది, ‘అపోలో కిడ్స్’ హసాన్‌ది. ఇంతమంది తెచ్చిన సరుకును చివర్లో రిజ్జా కూర్చుని ఒక్క ఇంట్లో వండినట్టు చేశాడు. అందుకే ఇరవైకి పైగా ట్రాకులున్నా, ఎక్కడ తెరిచినా అదే గది, అదే మసక వెలుతురు.

ఇక మాటలు. మొదటి పాట ‘నట్‌మెగ్’. నట్‌మెగ్ అంటే జాజికాయ. ఆ పాటలో జాజికాయ గురించి ఏం చెప్పాడని మాత్రం నన్నడగకండి. మొదటిసారి నేను లిరిక్స్ తెరిచి పెట్టుకుని, ఒక్కో వాక్యం దగ్గర ఆపుతూ, అర్థాలు వెతుకుతూ విన్నాను. ఒక గంట తర్వాత తలనొప్పి మిగిలింది. ఒక పదానికి అర్థం దొరికేలోపు పక్క పదం ఇంకో దిక్కుకు పరిగెడుతుంది. టెన్నిస్ ఆటగాడు, బట్టల బ్రాండు, తిండి, దేవుడు, తుపాకీ అన్నీ ఒకే ఊపిరిలో. విసుగొచ్చి ఫోన్ జేబులో పడేసి, ఊరికే నడుస్తూ విన్నప్పుడు అసలు విషయం ఎక్కింది. అర్థం తెలియకముందే పద్యం నోటికి వచ్చేస్తుంది చూడండి, అలాంటి పని ఇది. ధ్వని ముందు నడుస్తుంది, అర్థం వెనక తీరిగ్గా వస్తుంది, కొన్నిసార్లు అసలు రాదు. రాకపోయినా పాటకు ఏమీ తక్కువ కాదు.

‘అపోలో కిడ్స్’ వినండి. సోలమన్ బర్క్ పాత పాటలోంచి తీసిన ఆ బాకాల మోత మొదలవగానే ఎవరో రాజుగారు వస్తున్నట్టు ఉంటుంది. వచ్చినవాడు నోరు తెరవగానే తన ర్యాప్‌ని జీటీ అనే పాస్తాతో పోలుస్తాడు. ఎందుకు పాస్తా? చెప్పడు. నువ్వు అడుగుతావనే ఆలోచనే అతనికి లేదు.

నా లెక్కలో ఈ ఆల్బమ్ బలమంతా అక్కడే ఉంది. వినేవాడికి తెలుసా లేదా అన్న బెంగ ఎక్కడా లేదు. తనెవరో పరిచయం చేసుకోడు, తన మాటలకు టీక రాయడు. రేక్వాన్ గొంతును నెమ్మదింపజేసి మారుపేరుతో పెట్టిన ‘క్లైడ్ స్మిత్’ అనే స్కిట్ (పాటల మధ్య పెట్టే చిన్న మాటల ముక్క) ఉంది. అప్పట్లో వు-టాంగ్ వాళ్లను తన పాటలో లాగిన 50 సెంట్ అనే ర్యాపర్‌కి జవాబు అది. అదీ తెలిసినవాడికే తెలుస్తుంది, తెలియనివాడు ఎవరో ముసలాయన గొణుగుతున్నాడనుకుంటాడు.

2025లో ఏం చేశాడు

కొత్తది మాస్ అపీల్ సంస్థ ద్వారా వచ్చింది. ర్యాపర్ నాస్ భాగస్వామిగా ఉన్న సంస్థ అది. 2025లో వాళ్లు పాత దిగ్గజాలతో ఒక వరస ఆల్బమ్‌లు వేశారు: జూన్‌లో స్లిక్ రిక్, జులైలో రేక్వాన్, ఆగస్టులో ఇతను, తర్వాత మాబ్ డీప్, బిగ్ ఎల్, డి లా సోల్, డిసెంబరులో నాస్, డీజే ప్రీమియర్ కలిసి చేసినది. కాబట్టి దీన్ని ఒంటరిగా చూడకూడదు. ఒక తరాన్ని వరసగా వేదిక ఎక్కించి శాలువాలు కప్పుతున్న ఏడాది అది. సన్మాన సభలో మాట్లాడేవాడి గొంతు ఎలా మారుతుందో మనకు తెలుసు కదా. ఆ మార్పు ఈ ఆల్బమ్‌లో వినిపిస్తుంది.

ముందుగా విడుదల చేసిన పాట ‘రాప్ కింగ్‌పిన్’ చూడండి. తన సొంత ‘మైటీ హెల్తీ’నే మళ్లీ తవ్వి తీసి దాని మీద పాడాడు. మొదటి పది సెకన్లు ఒళ్లు పులకరించింది, నిజం. తర్వాత ఆలోచిస్తే, 2000లో ఆ బీట్ మీద అతను కొత్త ఇల్లు కట్టాడు. ఇప్పుడు ఆ ఇంటి ఫోటో చూపిస్తూ ఇది నేను కట్టిందే అంటున్నాడు. బాగా చూపిస్తున్నాడు, ఊపు ఉంది, మాటల పదును ఉంది. కానీ చూపించడమూ కట్టడమూ ఒకటి కాదు.

ఇదే నాకు రెండు ఆల్బమ్‌ల మధ్య కనిపించే అసలు తేడా. వయసూ గొంతూ బీట్లూ తర్వాతి సంగతి. పాతదానిలో మనం అతన్ని గుర్తుపట్టామా లేదా అన్నది అతనికి పట్టలేదు. కొత్తదానిలో నేను ఫలానా, గుర్తుందా అని పదే పదే అడుగుతున్నాడు. పాత పాటల ముక్కలు, పాత మారుపేర్లు, పాత రోజుల వాతావరణం అన్నీ తెచ్చి వరసగా పేర్చాడు. అభిమానికి ముచ్చటగానే ఉంటుంది. ‘ఇంటిపేరు కస్తూరివారు’ సామెత రెండో సగం వరకు వెళ్లను, అంత అన్యాయం కాదు ఇది. పేరు ఇంకేదైనా పెట్టి ఉంటే నేనే ఇంకో అరమార్కు ఎక్కువ వేసేవాణ్ని.

బాగున్నవి లేవా? ఉన్నాయి. ‘ది ట్రయల్’ అన్న పాటలో వు-టాంగ్ జట్టువాళ్లు రేక్వాన్, జిజ్జా, మెథడ్ మ్యాన్ వగైరాలతో కలిసి కోర్టు విచారణను నాటకంలా నడిపిస్తాడు. ఒక్కొక్కరూ ఒక పాత్ర. కథ చెప్పే ఘోస్ట్‌ఫేస్ ఇంకా బతికే ఉన్నాడని ఆ పాట చెబుతుంది. ‘కర్టిస్ మే’లో ర్యాపర్లు స్టైల్స్ పి, కాన్వే ద మెషీన్ ఉన్నారు. తనకంటే చిన్నవాడైన కాన్వే పక్కన నిలబడ్డప్పుడు ఇతనిలో పాత పౌరుషం లేస్తుంది, ఆ తేడా చెవికి తెలుస్తుంది. ‘శాంపిల్ 420’లో ఎం.ఓ.పి. అనే ర్యాప్ జట్టువాళ్లు వచ్చి యథాప్రకారం గోడలు కదిలేలా అరుస్తారు. నాస్‌తో ‘లవ్ మీ ఎనీమోర్’ కూడా చెవిన పడాల్సిందే.

మధ్యలో స్కిట్లు ఎక్కువ. పాతదానిలోనూ స్కిట్లున్నాయి నిజమే, కానీ అవి గదిలో ఎవరో మాట్లాడుకుంటుంటే మనం దూరంగా విన్నట్టుండేవి. ఇక్కడివి చాలావరకు పాత ఆల్బమ్‌లో స్కిట్లుండేవి కాబట్టి ఇందులోనూ పెట్టినట్టున్నాయి. బీట్లు విడివిడిగా చెడ్డవి కావు. వాటన్నింటినీ ఒక్క చెయ్యి కలిపి పోత పోసిన భావన మాత్రం నాకు కలగలేదు. 2000లో రిజ్జా చేసిన ఆ చివరి పని ఎంత పెద్దదో కొత్తది వింటేనే తెలిసొచ్చింది.

సీక్వెల్ అనగానే అంతే కదా అనకండి. రేక్వాన్ 1995 నాటి ఆల్బమ్‌కి 2009లో రెండో భాగం తెచ్చాడు. పద్నాలుగేళ్ల తర్వాత వచ్చినా అది మొదటిదాని పక్కన ధైర్యంగా నిలబడింది. దాంట్లో ఘోస్ట్‌ఫేస్ కూడా నిప్పులు చెరిగాడు. అందులో వాళ్లు పాత రోజులు గుర్తు చేయలేదు. వయసు మీరిన అదే పాత్రలు ఇప్పుడేం చేస్తున్నాయో చెప్పారు. సీక్వెల్ ఎలా ఉండాలో చూడాలంటే అది వినండి. కొత్త సుప్రీమ్ క్లయింటెల్ దగ్గర నేను ఆశించింది కూడా అదే. ఇరవై తొమ్మిదేళ్ల టోనీ స్టార్క్స్ (ఇది ఇతని ఇంకో పేరు, మార్వెల్ హీరో నుంచి తీసుకున్నది) యాభై అయిదేళ్లకు ఎలా ఉంటాడు, మోకాళ్లు నొప్పెడుతున్నాయా, ఎవరిని పోగొట్టుకున్నాడు, ఇన్సులిన్ సూది సంగతేంటి? అవి పెద్దగా లేవు.

మరి మొదలుపెట్టడానికి ఫిష్‌స్కేల్ ఎందుకు

పాత సుప్రీమ్ క్లయింటెల్ గొప్పదే, కానీ కొత్తవాడిని అక్కడ దింపితే నాకు వచ్చినట్టే తలనొప్పి వస్తుంది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు కూడా అది వేరే భాషే. ఫిష్‌స్కేల్ అలా కాదు. 2006 మార్చి 28న వచ్చింది, అమెరికా ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో నాలుగో స్థానంలో మొదలైంది. ఇందులో రిజ్జా బీట్లు లేవు. ఎం.ఎఫ్. డూమ్, పీట్ రాక్, జస్ట్ బ్లేజ్, ఆ ఫిబ్రవరిలోనే చనిపోయిన జె డిల్లా, వీళ్ల బీట్లున్నాయి. మాటలు ఇక్కడా చిక్కగానే ఉంటాయి, కానీ ఈసారి వాటికింద కథ ఉంటుంది. కథ పట్టుకుని నడిచి వెళ్లిపోవచ్చు.

‘షేకీ డాగ్’ తీసుకోండి. ఇద్దరు దొంగలు ఒక ఇంటిని దోచుకోవడానికి వెళ్తున్నారు. ఇంకొకరెవరైనా అయితే తుపాకులతో మొదలుపెట్టేవాళ్లు. ఇతను క్యాబ్ ఛార్జీతో మొదలుపెడతాడు: అరవై డాలర్లు, పైన టోల్. బండిలో చేప తింటుంటే టార్టర్ సాస్ బూట్ల మీద పడుతుంది, దోపిడీకి వెళ్తున్నవాడికి ఆ బూట్ల బాధ. బిల్డింగులోకి వెళ్తే వేయించిన అరటికాయ, అన్నం, మాంసం మీద గుండ్రటి ఉల్లిపాయల వాసన. దారిలో సామాన్ల బండితో ఒక ముసలావిడ. ఆవిడెవరో ఊరికే దాటెయ్యడు. ఎప్పుడో ఒక పెళ్లిలో మనిషిని చంపి వెనెజువెలా పారిపోయిన ఘటికురాలని రెండు ముక్కల్లో చెప్పేస్తాడు. ఆ ముసలావిడ మీద ఇంకో సినిమా తీయొచ్చు. హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి) లేదు, ఊపిరి లేదు. నాలుగు నిమిషాల లోపు ఒక వీధంతా మన కళ్ల ముందు ఉంటుంది. నాకు తెలిసి హార్డ్‌కోర్ ర్యాప్‌లో కథ చెప్పడమంటే ఏమిటో ఎవరికైనా చూపించాలంటే ముందు ఈ పాట వినిపిస్తాను.

అదే ఆల్బమ్‌లో ‘అండర్‌వాటర్’ ఉంది. డూమ్ బీట్ మీద నీళ్లలోకి దిగి కలగంటాడు, అక్కడ కార్టూన్ స్పాంజ్‌బాబ్ బెంట్లీ కారులో ఎదురవుతాడు. ‘విప్ యు విత్ ఎ స్ట్రాప్’లో డిల్లా బీట్ మీద చిన్నప్పుడు అమ్మ బెల్టుతో కొట్టిన దెబ్బలు తలుచుకుంటాడు, అదీ కొంచెం ప్రేమగానే. ‘ద చాంప్’ కావలసినంత గర్జన. గాయకుడు నీ-యోతో చేసిన ‘బ్యాక్ లైక్ దట్’ రేడియో కోసం పెట్టిందని తెలిసిపోతుంది, నాకు అడ్డు రాలేదు. ఒకే ఆల్బమ్‌లో ఇతని అన్ని ముఖాలూ చూడాలంటే ఇదే దారి. ఇక్కడ రుచి తగిలితే, వెంటనే 2000 నాటి దానికి వెళ్లండి. అప్పుడు అర్థం కాకపోయినా భయమెయ్యదు.

కన్నీళ్ల కోసమైతే ‘ఐరన్‌మ్యాన్’

1996 అక్టోబరులో వచ్చిన మొదటి సోలో. బిల్‌బోర్డ్ 200లో రెండో స్థానంలో మొదలైంది, దాదాపు అంతా రిజ్జా బీట్లే. మొత్తం ఆల్బమ్‌గా చూస్తే నాకు కాస్త ఎగుడుదిగుడుగా అనిపిస్తుంది. ‘వైల్డ్‌ఫ్లవర్’ లాంటి పాటలో ఆడమనిషి మీద విరుచుకుపడే తీరు ఈరోజు వింటే ఇబ్బందిగా ఉంటుంది. ఆ రోజుల్లో కూడా ఉండాల్సింది.

కానీ ‘ఆల్ దట్ ఐ గాట్ ఈజ్ యు’ ఒక్కదాని కోసం ఈ ఆల్బమ్ చేతికి తీసుకోవచ్చు. మేరీ జె. బ్లైజ్ పాడింది. మూడు పడకగదుల ఇంట్లో పదిహేనుమంది. ఒకే మంచం మీద నలుగురు పిల్లలు, ఇద్దరి తలలు అటు, ఇద్దరివి ఇటు. తిండి డబ్బాలోంచి బొద్దింకలు ఏరేయడం. ఇంట్లో ఏమీ లేని రోజు అమ్మ చీటీ రాసి ఇస్తే, అది పట్టుకుని ఇరుగింటికి అప్పు తిండి కోసం వెళ్లడం, స్నేహితులు చూసి నవ్వుతారేమోనని ఆ తలుపు కొట్టలేకపోవడం. హార్డ్‌కోర్ ర్యాపర్ మొదటి ఆల్బమ్‌లో ఈ పాట పెట్టడానికి గుండె కావాలి. తుపాకీ గురించి పాడటానికి అంత అక్కర్లేదు.

ఇక్కడ కొత్త ఆల్బమ్‌తో ఇంకో పోలిక తేలుతుంది. ఆ చీటీ పట్టుకున్న పిల్లాడిలాంటి మనిషి 2025 నాటి ఇరవై పైచిలుకు ట్రాకుల్లో నాకు ఎక్కడా బలంగా ఎదురుపడలేదు. ఉన్నవాళ్లంతా పెద్దమనుషులే.

మిగతావి గబగబా

2004 నాటి ‘ద ప్రెటీ టోనీ ఆల్బమ్’: డెఫ్ జామ్ సంస్థకి మారాక మొదటిది, అట్ట మీద కిల్లా అన్న మాట తీసేశారు. ర్యాపర్ జేడకిస్‌తో ‘రన్’ పోలీసుల నుంచి పరిగెత్తే పాట, వింటే మన ఊపిరీ ఎగసిపడుతుంది. ‘హొల్లా’ ఇంకా తమాషా. డెల్‌ఫానిక్స్ అనే సోల్ జట్టు పాత ప్రేమపాటను ముక్క కత్తిరించి వాడుకోకుండా, వాళ్లు పాడుతుండగానే ఆ పాట మీద ఎక్కి తన ర్యాప్ చెప్పేస్తాడు. పెళ్లి బ్యాండు పాడుతుంటే మైకు లాక్కున్న మామయ్యలా. పాత సోల్ సంగీతం ఇష్టమైనవాళ్లు ఇక్కడ మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు.

2001 నాటి ‘బులెట్‌ప్రూఫ్ వాలెట్స్’ విషయంలో జాగ్రత్త. శాంపిళ్లకు (పాత పాటల్లోంచి తీసుకున్న ముక్కలకు) అనుమతి దొరక్క చివరి నిమిషంలో కొన్ని మంచి పాటలు ఎగిరిపోయాయి. అట్ట వెనక ఉన్న జాబితాకూ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. పాత సీడీ ఎక్కడైనా దొరికితే వెనక పేర్లు చూసి మోసపోకండి.

2013 నాటి ‘ట్వెల్వ్ రీజన్స్ టు డై’: ఏడ్రియన్ యంగ్ సంగీతం, లైవ్ వాయిద్యాలతో. 1960ల ఇటలీలో మాఫియా చేతిలో చచ్చిన టోనీ స్టార్క్స్ అవశేషాలను కరిగించి పన్నెండు వినైల్ రికార్డులుగా పోస్తారు, అవి మోగినప్పుడల్లా పగ తీర్చుకోవడానికి లేచి వస్తాడు. కథ వినడానికే పిచ్చిగా ఉంది కదా, అయినా పనిచేసింది. నలభై నిమిషాల్లోపు అయిపోతుంది. ఇతను పెద్దవయసులో బాగా చేసినవన్నీ ఇలా ఒకే సంగీతకారుడితో కూర్చుని చేసినవేనని గమనించాను. 2015లో బ్యాడ్‌బ్యాడ్‌నాట్‌గుడ్ అనే జాజ్ జట్టుతో చేసిన ‘సౌర్ సోల్’ కూడా అంతే. చేతులు ఎక్కువైన చోటే ఇతను పలచబడతాడు. 2024 నాటి ‘సెట్ ద టోన్’ అతిథుల జాతర, ఒకసారి వింటే చాలు.

ఎవరికి ఏది

ర్యాప్ కొత్త అయితే: ఫిష్‌స్కేల్, తర్వాత ఐరన్‌మ్యాన్ నుంచి ఆ ఒక్క పాట, నచ్చితే 2000 నాటి సుప్రీమ్ క్లయింటెల్. కొత్తది ఇప్పుడే వద్దు. అందులో సగం ఆనందం పాతవి గుర్తుపట్టడంలోనే ఉంది, మీకు గుర్తుపట్టడానికి ఏమీ ఉండదు.

ర్యాప్ బాగా వింటారు గానీ ఇతన్ని వినలేదంటే నేరుగా 2000 నాటిదే. మాటల గారడీ మీకు అలవాటే కాబట్టి తట్టుకుంటారు. లిరిక్స్ పేజీ తెరవకుండా కనీసం రెండుసార్లు వినండి.

కాలేజీ రోజుల్లో విని, ఉద్యోగం సంసారంలో పడి వదిలేసినవాళ్లకు కొత్త ఆల్బమ్ నిజంగా బాగుంటుంది. ఈ గుంపుకే అది సరిపోయేలా ఉంది. పాత స్నేహితుడు ఫోన్ చేసినట్టుంటుంది, చెప్పిన కబుర్లే చెప్పినా పెట్టెయ్యబుద్ధి కాదు. వరసగా మొత్తం వినండి, స్కిట్లు దాటేసినా తప్పులేదు.

అన్నీ విన్నవాళ్లు, నాలాగా మారుపేర్లు కూడా కంఠతా పట్టినవాళ్లు: ‘ది ట్రయల్’, ‘కర్టిస్ మే’, ‘శాంపిల్ 420’, ‘రాప్ కింగ్‌పిన్’, ‘లవ్ మీ ఎనీమోర్’. ఈ అయిదూ తీసి ప్లేలిస్టులో వేసుకోండి, మిగతా గంట 2000 నాటిదానికి ఇవ్వండి. మాస్ అపీల్ వరసలో ఇంకొక్కటి వినే టైముంటే, జులైలో వచ్చిన రేక్వాన్ ఆల్బమ్‌ని దీని పక్కన పెట్టి విని చూడండి. ఒకే జట్టులో ఎదిగిన ఇద్దరు ఒకే నెల తేడాతో ఎలా వచ్చారో వినడం దానికదే ఒక సరదా.

చివరగా రెండు చిన్న విషయాలు. యాప్‌లలో బూతులు తీసేసిన వెర్షన్లు కూడా ఉంటాయి. ఇతని పాటల్లో వాటిని తీసేస్తే లయ కుంటుతుంది, కాబట్టి అసలు వెర్షన్ చూసుకుని పెట్టండి, ఇంట్లో పిల్లలుంటే హెడ్‌ఫోన్స్‌లో. ఇక ఫిష్‌స్కేల్ వింటున్నప్పుడు ‘షేకీ డాగ్’ చివర్లో, తలుపు వెనక కాల్పులు మొదలై, కుక్క మీద పడి, ఎవరు బతికారో తేలకముందే, మిగతాది తర్వాత అని ఆగిపోతుంది. నేను మొదటిసారి నెట్ పోయిందనుకుని రెండుసార్లు రీలోడ్ చేశాను. పాట అంతే.